వీఎంలకి గడువు పెట్టండి బాబూ!

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ప్రతిదానికీ ఒక ఓనరుంటాడు. కోడుకి ఉంటాడు, డేటాబేసుకి ఉంటాడు, చివరికి పాంట్రీలో కాఫీ మెషినుకి కూడా ఒక కాంట్రాక్టరుంటాడు. టెస్టింగ్ కోసం పెట్టుకున్న వర్చువల్ మెషిన్ల ల్యాబుకి మాత్రం "ఈ వారం కాస్త ఖాళీగా ఉన్న కుర్రాడు" ఉంటాడు. రెండున్నరేళ్ళపాటు ఆ కుర్రాణ్ణి నేనే. అంచేత ఈ విషయం మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. ఇవాళ అవన్నీ ఇక్కడ కక్కేస్తున్నాను, ఓపికుంటే చదవండి :)

మాది వట్లూరు. ఏలూరుని ఆనుకునే ఉంటుంది. 1989లో పెట్టిన సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరంటే ఈ చుట్టుపక్కల ఎవరికైనా తెలుస్తుంది. ఇప్పుడు వారంలో ఎక్కువ రోజులు నేను ఇక్కణ్ణుంచే పని చేస్తున్నాను, మా ల్యాబు సర్వర్లేమో హైదరాబాదులో. ఇక్కడ కరెంటు పోతే నా లాప్‌టాపు ఇన్వర్టరు మీద బతుకుతుంది, అక్కడి వీఎంలకి ఆ సంగతే తెలీదు. వర్చువల్ మెషిన్ల గొప్పదనమూ అదే, జబ్బూ అదే. కంటికి కనపడవు. గదిలో నలభై డబ్బాలు పేర్చి ఉంటే వాటిని దాటుకుంటూ వెళ్ళేవాడెవడో ఒకడు "ఇవెందుకురా ఇక్కడ?" అని అడుగుతాడు. వీఎంల విషయంలో ఆ మాట అడిగేవాడే ఉండడు.

టెస్టింగ్ వైపు పని చేయనివాళ్ళకి ఇన్ని మెషిన్లెందుకన్న సందేహం రావచ్చు. ఓ మామూలు ప్రాడక్టు ఇన్‌స్టాలర్‌నే తీసుకోండి. విండోస్ 10 (2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు గడువు అయిపోయినా కస్టమర్లు వదలరు), విండోస్ 11, సర్వర్ 2016, 2019, 2022, 2025. ఇవి ఆరు. ఇంగ్లీషు, జపనీసు కలిపి రెండు భాషలు. మూడు పాత వెర్షన్ల నుంచి అప్‌గ్రేడ్ పని చేయాలి. ఆరు రెళ్ళు పన్నెండు, పన్నెండు మూళ్ళు ముప్ఫయ్యారు. ఒక్కోదాంట్లో సర్వరు, క్లయింటు, డొమైన్ కంట్రోలరు వేరువేరు మెషిన్లయితే మొత్తం 108. అష్టోత్తర శతనామావళి అన్నమాట. ఇది ఒక్క టీము లెక్కే.

"ఈ రోజుల్లో అన్నీ కంటైనర్లే కదా, ఇంకా వీఎంలేంటి?" అని మొన్నొక మిత్రుడు తీసిపారేశాడు. కంటైనరు మంచిదే, కాదనను. కానీ కంటైనర్లన్నీ కింద ఉన్న హోస్టు కెర్నల్నే పంచుకుంటాయి. మీరు టెస్ట్ చేయాల్సింది డ్రైవరో, యాంటీవైరస్సో, డెస్క్‌టాప్ ఇన్‌స్టాలరో, రీబూట్ తర్వాత లేవాల్సిన సర్వీసో అయితే కంటైనరు అక్కరకి రాదు. మెషిను నిజంగా బూట్ అవ్వాలి, నిజంగా చచ్చి చూపించాలి.

చచ్చి చూపించకపోతే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. ఆ శుక్రవారం మన టైం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక చిన్న కంటెంట్ ఫైలుని విండోస్ మెషిన్లకి పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. అప్పటికే, మైక్రోసాఫ్ట్ వేసిన లెక్క ప్రకారం, దాదాపు 85 లక్షల మెషిన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో దేశమంతా తిరిగింది, గుర్తుండే ఉంటుంది. తర్వాత ఆగస్టులో ఆ కంపెనీయే బయటపెట్టిన రిపోర్టు చదివితే నాకు నీరసం వచ్చింది. ఒక టెంప్లేట్ 21 ఇన్‌పుట్లు ఆశిస్తే సెన్సర్ కోడు 20 మాత్రమే ఇస్తోంది. అంతకుముందు చేసిన టెస్టుల్లో ఆ 21వ దాని దగ్గర "ఏదైనా సరే" అనే వైల్డ్‌కార్డు ఉండటంతో తప్పు బయటపడలేదు. ఈ ఫైలుని చెక్ చేయాల్సిన వాలిడేటర్‌లోనూ బగ్గుంది, కాబట్టి అదీ పాస్ చేసేసింది. అంటే పరీక్ష పేపర్‌ని ఇంకో పేపర్‌తో దిద్దారు. ఆ ఫైలుని ఉన్నదున్నట్టుగా పది మామూలు విండోస్ వీఎంలలో పడేసి ఉంటే మొదటి నిమిషంలోనే కూలిపోయేవి, గొడవ అక్కడితో ఆగిపోయేది. ఇకమీదట ఇలాంటి ఫైళ్ళని కూడా దశలవారీగా, ముందు కొద్ది మెషిన్లలో చూశాకే పంపుతామని వాళ్ళూ చెప్పారు.

కాబట్టి ల్యాబు కావాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఉన్న ల్యాబుని ఎలా ఏలాలన్నదే తంటా. ఇది చెప్పడానికి నాకు కొల్లేరుని మించిన ఉదాహరణ దొరకదు. మా వైపు వాడిని కదా మరి.

కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఇలా వాగులొచ్చి కలుస్తాయి. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఉప్పుటేరే. చేపల చెరువుల రోజులొచ్చాక ఎవరికి వాళ్ళు సరస్సులో గట్టు వేసుకున్నారు. ఒక్కో గట్టూ విడిగా చూస్తే చిన్నదే, కట్టుకున్నవాడికి అన్నం పెట్టేదే. అన్నీ కలిసేసరికి నీటికి నడిచే దారి లేదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో +5 కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. అలా కొట్టేసినచోట మళ్ళీ లేచిన గట్లు ఎన్నో.

మా ల్యాబు స్టోరేజి అచ్చం ఇలాగే ఉండేది. థిన్ ప్రొవిజనింగ్ అంటే తెలుసు కదా, డిస్కు 100 జీబీ అని రాసి ఇస్తారు, వాడినంతే నిజంగా కేటాయిస్తారు. లింక్డ్ క్లోన్ కూడా అలాంటిదే. 60 జీబీ మూల ఇమేజి ఒకటే ఉంటుంది, నలభై క్లోన్లు దాని మీద తమ తమ మార్పులు మాత్రం రాసుకుంటాయి. పూర్తి కాపీలైతే 2,400 జీబీ కావాలి, ఇలా చేస్తే ఒక్కోదానికి 5 జీబీ చొప్పున 200, మూల ఇమేజి 60, మొత్తం 260తో సరి. అబ్బో ఎంత పొదుపో అనిపిస్తుంది. ఆ పొదుపు చూసి ప్రతి టీమూ తలా ఓ గట్టు వేసుకుంటుంది. నెలలో రెండో మంగళవారం విండోస్ అప్‌డేట్లు వస్తాయి. నలభై క్లోన్లూ అదే అప్‌డేట్‌ని ఎవరికి వారు విడివిడిగా తమ డిస్కులో రాసుకుంటాయి. బుడమేరు పొంగినట్టే. డేటాస్టోర్ నిండిపోయి, అందులో రాయాల్సిన వీఎంలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. పాపం, నిన్న సాయంత్రమే ఒక్క వీఎం తీసుకున్న అమ్మాయి మెషిను కూడా.

అప్పుడు పెద్దమనుషులు మేలుకుని క్లీనప్ డ్రైవ్ పెడతారు. "శుక్రవారం సాయంత్రంలోగా చెప్పకపోతే వీఎంలు డిలీట్ చేయబడును" అని మెయిలు. వెంటనే ముప్ఫై రిప్లైలు, అందరిదీ ఒకటే మాట, "మాది చాలా ముఖ్యం, ముట్టుకోవద్దు". ఓ పది గట్లు కొడతారు, మూడు నెలల్లో మళ్ళీ పదిహేను లేస్తాయి. ఆపరేషన్ల వల్ల ల్యాబు బాగుపడదండీ. వీఎం పుట్టిన రోజే అది పోయే రోజు కూడా రాసి ఉండాలి.

ఇదేం నేను కనిపెట్టింది కాదు. వీఎంవేర్ వాళ్ళ వీక్లౌడ్ డైరెక్టర్‌లో దీనికి లీజు అనే ఏర్పాటే ఉంది, నడవడానికి ఒక గడువు, డిస్కులో ఉండటానికి ఇంకో గడువు. టూలులో ఉన్నా వాడేవాళ్ళు తక్కువ, డిఫాల్టుని "ఎప్పటికీ"కి మార్చేసి హాయిగా ఉంటారు. మేం చేసింది చాలా మోటు పని. వీఎం పేరులోనే టీము, బగ్ నంబరు, గడువు తేదీ పెట్టాం. రోజూ రాత్రి ఓ స్క్రిప్టు నడుస్తుంది. గడువు దాటితే ఆపేస్తుంది, ఇంకో ఏడు రోజులకి తీసేస్తుంది. కావాలంటే ఎవరి వీఎం గడువు వాళ్ళే పొడిగించుకోవచ్చు, మేనేజరు అనుమతి అక్కర్లేదు, ఎందుకో ఒక్క వాక్యం రాస్తే చాలు. తమాషా ఏంటంటే, ఆ ఒక్క వాక్యం రాయడానికి బద్ధకించి సగానికి పైగా వీఎంలని జనం వదిలేసుకున్నారు. "చాలా ముఖ్యం" అన్నవాళ్ళే!

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, అది టెస్టర్లదే. బగ్గు దొరికింది, డెవలపరు "నా మెషిన్లో బానే ఉంది" అంటాడు, అతనికి చూపించేలోపు వీఎం పోతే ఏం చేయాలి? న్యాయమైన మాటే. ఈ "నా మెషిన్లో రావట్లేదు" గోలకి మందుగానే మైక్రోసాఫ్ట్ 2010లో విజువల్ స్టూడియో ల్యాబ్ మేనేజ్‌మెంట్ తెచ్చింది. దీని పని చాలావరకు మన హైదరాబాద్ డెవలప్‌మెంట్ సెంటర్లోనే జరిగింది, ఈ సంగతి మనోళ్ళలోనే చాలామందికి తెలీదు. బగ్గుతో పాటు ఆ మెషిన్లన్నింటి స్నాప్‌షాట్ లింకు కూడా జతచేయొచ్చు. డెవలపరు దాన్ని నొక్కితే టెస్టరు చూసిన స్థితే కళ్ళముందు. ఒకే పేరు, ఒకే ఐపీ ఉన్న నాలుగు కాపీలు ఒకేసారి నడిచినా కొట్టుకోకుండా ఒక్కో గుంపు చుట్టూ నెట్‌వర్కులో ప్రహరీ కట్టేది. (ఈ ప్రహరీ కిటుకు అంతకుముందే అకింబి అనే చిన్న కంపెనీ దగ్గరుంది, 2006లో వీఎంవేర్ దాన్ని కొనుక్కుని ల్యాబ్ మేనేజర్ అని పేరు పెట్టింది.)

ఆలోచన బ్రహ్మాండం. కానీ స్నాప్‌షాట్‌ని ఊరగాయలా నిలవ పెట్టొచ్చనుకుంటే కుదరదు. డొమైన్లో చేరిన విండోస్ మెషిను తన పాస్‌వర్డుని డిఫాల్టుగా 30 రోజులకోసారి తనే మార్చుకుంటుంది. నెలన్నర కిందటి స్నాప్‌షాట్‌కి వెళ్తే మెషినుకి పాత పాస్‌వర్డే గుర్తుంటుంది, డొమైన్ కంట్రోలర్‌కి కొత్తది తెలుసు. ఇద్దరూ మొహాలు చూసుకుంటారు, లాగిన్ అవదు. డొమైన్ కంట్రోలర్‌ని కూడా అదే ప్రహరీలో ఉంచి, అన్నింటికీ ఒకేసారి స్నాప్‌షాట్ తీసుకుంటేనే గట్టెక్కుతారు. అప్పుడు కూడా గడియారం పాతది, సర్టిఫికెట్లు ముగిసినవి, సవాలక్ష. అందుకే నా మటుకు నాకు బగ్గు స్నాప్‌షాట్‌కి పద్నాలుగు రోజులు చాలు. ఆలోపు డెవలపరు చూడలేదంటే వీఎం దాచడం కాదు, బగ్గు తెప్పించే పద్ధతిని ఇంకొకడు చదివి చేయగలిగేలా రాయడం నేర్చుకోవాలి. ఈ మాటంటే టెస్టింగ్ మిత్రులకి కోపమొస్తుంది. రానీండి.

గడియారం అంటే గుర్తొచ్చింది. క్లయింటు దగ్గర్నుంచి వచ్చే టెంప్లేట్లన్నీ అమెరికా టైంలోనో యూటీసీలోనో ఉంటాయి. మన +5:30లోని ఆ అరగంట వల్ల మాత్రమే బయటపడే బగ్గులు నేను కళ్ళారా చూశాను. అలాగే యూజర్ పేరు తెలుగులో ఉన్న విండోస్ మెషిను ఒకటి ల్యాబులో పెట్టి చూడండి, ఎన్ని ఇన్‌స్టాలర్లు ఫైల్ పాత్ దగ్గర బొక్కబోర్లా పడతాయో. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి ఫాంటుతో పాటే తెలుగు వచ్చింది. రెండు దశాబ్దాలు దాటినా మనమే టెస్ట్ చేయకపోతే జపాన్‌వాడొచ్చి చేస్తాడా?

సరే, మళ్ళీ టూళ్ళ దగ్గరికొద్దాం. పైన చెప్పిన వీఎంవేర్ ల్యాబ్ మేనేజర్‌కి 2013లో సపోర్టు ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ ల్యాబ్ సెంటర్ టీఎఫ్‌ఎస్ 2018తో పోయింది. 2023 ఆగస్టులో వేగ్రాంట్, ప్యాకర్ల లైసెన్సు మారింది. అదే ఏడు నవంబర్ 22న వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది, డిసెంబర్లో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి అంతా చందా పద్ధతి చేసింది. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐ తీసేసింది, 2025 ఏప్రిల్లో మళ్ళీ ఇచ్చింది. మధ్యలో ఎంతమంది ప్రాక్స్‌మాక్స్‌కి మూటాముల్లే సర్దుకున్నారో! ఇందులో ఎవర్నీ తిట్టాలని కాదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. కానీ మీ ల్యాబు మొత్తం ఒక టూలు కడుపులో ఉండిపోతే ఆ టూలుతోపాటే పోతుంది. ఏ ఓఎస్, ఏ ప్యాచ్, ఏ సెట్టింగు, ఏ యూజరు అన్నదంతా మామూలు టెక్స్ట్ స్క్రిప్టుల్లో రాసి, కోడుతో పాటు గిట్‌లో పెట్టండి. వంట ఎలా చేయాలో రాసి ఉంటే పొయ్యి మారినా వండుకోవచ్చు. గోల్డెన్ ఇమేజి అని ఒకదాన్ని తయారుచేసి నాలుగేళ్ళు పూజించేవాళ్ళని చూస్తే నాకు భయం, అందులో ఏముందో చేసినవాడికే గుర్తుండదు.

చేసినవాడు వెళ్ళిపోతే ఏమవుతుందో చెప్పి తీరాలి. నేను ముందు చేసిన కంపెనీలో (పేరెందుకు లెండి) మా ల్యాబుని ఒక సీనియరు చూసేవాడు, తాడేపల్లిగూడెం ఆయన. ఆరేళ్ళు ఆయనే. అప్రైజల్ వచ్చిన ప్రతిసారీ "ల్యాబ్ సపోర్టు కదా, నాన్ బిల్లబుల్" అని మొండిచెయ్యి. ఆఖరికి విసిగిపోయి పేపర్ పెట్టాడు. అరవై రోజుల నోటీసు పీరియడ్‌లో ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఎవర్నీ వేయలేదు. చివరి రోజున గంటసేపు కేటీ, "ల్యాబ్ లిస్ట్ ఫైనల్ ఫైనల్ 2" అనే ఒక ఎక్సెల్ షీటు. మూడు వారాల తర్వాత డొమైన్ కంట్రోలరు సరిగ్గా గంటకోసారి దానంతటదే షట్‌డౌన్ అవడం మొదలుపెట్టింది. దయ్యం పట్టిందనుకున్నారు. నేను ఆయనకి ఫోన్ చేశాను.

"అన్నా, డీసీ గంటకోసారి ఆగిపోతోంది."

"అది ఎవాల్యుయేషన్ కాపీ తమ్ముడూ. 180 రోజులకోసారి నేనే రీఆర్మ్ చేస్తుండేవాణ్ణి. ఆ ఛాన్సులు కూడా అయిపోయాయి. అసలు లైసెన్సు కీ ఇప్పించండి మహాప్రభో అని మూడేళ్ళు అడిగాను, ఆ మెయిళ్ళు ఉంటాయి చూడు."

కంపెనీకి విజువల్ స్టూడియో సబ్‌స్క్రిప్షన్లున్నాయి, టెస్టింగుకి సర్వర్ కీలు దాంట్లోనే వస్తాయి. కొత్తగా కొనాల్సింది కూడా ఏమీ లేదు, ఎవరో ఒకరు లాగిన్ అయి తెచ్చుకోవాలంతే. కానీ అది ఎవరి పనీ కాదు. రెండు టెస్టింగ్ టీములు తొమ్మిది పనిదినాలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాయి. ఆ జనం జీతాలు లెక్కేసుకుంటే ఆయనకి నిరాకరించిన హైకులన్నీ కలిపినా అందులో మూలకి రావు. ఆ లెక్క మాత్రం ఏ షీటులోనూ కనపడదు.

క్లౌడుకి మారితే ఈ తలనొప్పులుండవని ఇప్పుడు కొత్త పాట. అక్కడ డిస్కు నిండదు, బిల్లు నిండుతుంది. వారానికి 168 గంటలు. రోజుకి తొమ్మిది గంటల చొప్పున ఐదు రోజులు వాడితే 45. రాత్రిళ్ళూ శనాదివారాలూ ఆపేవాడు లేకపోతే మిగతా 123 గంటలకి డబ్బు కట్టి ఫ్యాన్ కింద పడుకోబెట్టినట్టే. ఇక్కడా కావల్సింది ఆపే అధికారం, తీరిక ఉన్న ఒక మనిషే. కాబట్టి మేనేజర్లకి నా విన్నపం ఏంటంటే, ఎస్టిమేషన్ షీటులో "టెస్ట్ ఎన్విరాన్‌మెంట్" అని ఒక వరస పెట్టండి, దానికి గంటలు వేయండి, ఆ గంటలు క్లయింటుకి చూపించండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మనమే అడగం.

ఇక మా వట్లూరు పిల్లలకి. క్యాంపస్‌లో ఉద్యోగమొచ్చి, ట్రైనింగయ్యాక ల్యాబులో వేశారని మొహం వేలాడేసుకుని ఫోన్ చేసేవాళ్ళు ఏటా ఇద్దరు ముగ్గురుంటారు. కోడింగ్‌లో వేయలేదని ఏడుపు. నిజం చెప్పాలంటే డీఎన్ఎస్, డొమైన్, స్టోరేజి, లైసెన్సులు, స్క్రిప్టింగు నేను నేర్చుకున్నదంతా అక్కడే. బెంచి మీదున్నా, ఇంకా ఫైనలియర్లో ఉన్నా 16 జీబీ ర్యామున్న పాత డెస్క్‌టాపు ఒకటి చాలు. ప్రాక్స్‌మాక్సో వర్చువల్‌బాక్సో వేసి మూడు వీఎంలు పెట్టండి, ఒక డొమైన్ కంట్రోలరు, ఒక విండోస్ క్లయింటు, ఒక లినక్సు. నేర్చుకోవడానికైతే ఎవాల్యుయేషన్ కాపీ సరిపోతుంది. అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయనుకున్న రోజున మూడింటినీ డిలీట్ చేసేసి, మీరు రాసుకున్న స్క్రిప్టులతో మళ్ళీ కట్టి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నాకు మొదటిసారి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు నలభై నిమిషాలు, అందులో సగం విండోస్ అప్‌డేట్లే.